ఆర్‌లో నెట్ లేకుండా హెల్ప్ చూసుకోవడం ఎలా?

పొలం_డేటా:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ అగ్రికల్చర్, థీసిస్ కోసం ఆర్ (గణాంకాలకు వాడే ప్రోగ్రామింగ్ భాష) మొదలుపెట్టాను. రెండు ఎరువు మోతాదులు, ఒక్కోదానికి 10 మళ్లు, దిగుబడిలో తేడా ఉందా అని టీ టెస్ట్ చేస్తే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ దశాంశంలో వస్తోంది. క్లాసులో చెప్పిన లెక్క ప్రకారం 10+10-2, అంటే 18 రావాలి కదా? గైడ్‌కి చూపించాలంటే టెన్షన్‌గా ఉంది. ఫీల్డ్ దగ్గర నెట్ రాదు, ఆర్ లోపలే హెల్ప్ ఉంటుందంటారు, దాన్ని ఎలా తెరవాలి, తెరిచాక ఏం చదవాలి?

కన్సోల్_అన్న:
నెట్ అక్కర్లేదు తమ్ముడూ, ప్యాకేజీ (ఫంక్షన్ల కట్ట) ఇన్‌స్టాల్ చేసినప్పుడే దాని హెల్ప్ పేజీలు కూడా మీ సిస్టమ్‌లోకి వచ్చేస్తాయి. కన్సోల్‌లో ప్రశ్న గుర్తు కొట్టి, దాని పక్కనే ఫంక్షన్ పేరు రాసి ఎంటర్ నొక్కండి, అంతే. ఆర్‌స్టూడియో అయితే పేరు మీద కర్సర్ పెట్టి ఎఫ్1 నొక్కినా చాలు. టెర్మినల్‌లో పేజీ తెరుచుకుని కదలకపోతే క్యూ నొక్కితే బయటికొస్తారు.

పైనున్న డిస్క్రిప్షన్ చదివి చాలామంది మూసేస్తారు, అసలు సరుకు దాని కిందే, ఫంక్షన్‌ని ఎలా రాయాలో చూపించే యూసేజ్‌లో ఉంటుంది. టీ టెస్ట్ పేజీలో అక్కడ వార్ డాట్ ఈక్వల్ ఫాల్స్ అని కనిపిస్తుంది, అంటే మీరు ఏమీ చెప్పకపోతే రెండు గుంపుల వేరియన్స్ (విలువలు ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) సమానం కాదనుకుని వెల్చ్ పద్ధతిలో లెక్క వేస్తుంది. దశాంశం వచ్చేది అందుకే. ట్రూ అని మార్చితే 18 వస్తుంది. కానీ 18 కోసమని మార్చొద్దు, వేరియన్స్‌లు సమానమని గట్టి కారణం లేకపోతే వెల్చ్‌నే ఉంచి థీసిస్‌లో ఆ పేరు రాయండి. అదే పేజీ అడుగున ఎగ్జాంపుల్స్‌లో స్లీప్ డేటా ఉంది, అందులోనూ గుంపుకి 10 విలువలే, రెండు వేరు గుంపుల్లా పెట్టి టీ టెస్ట్ నడిపి చూడండి, 17.776 వస్తుంది. గైడ్‌కి అదే చూపించండి.

పొలం_డేటా:
చాలా థ్యాంక్స్ అన్నా, 17.776 వచ్చింది! తర్వాత అనోవా (చాలా గుంపుల సగటులను ఒకేసారి పోల్చే పరీక్ష) చేసి, ఏ జతల మధ్య తేడా ఉందో చూసే టూకీ టెస్ట్ చేయాలి, దాని ఫంక్షన్ పేరే తెలీదు. ప్రశ్న గుర్తు పెట్టి టూకీ అని కొడితే డాక్యుమెంటేషన్ లేదంటోంది.

గణాంకం_గుంటూరు:
ఒక ప్రశ్న గుర్తుకి పేరు అక్షరం పొల్లుపోకుండా కావాలి, పెద్ద అక్షరం చిన్న అక్షరం కూడా తేడానే. పేరు తెలీనప్పుడు రెండు ప్రశ్న గుర్తులు పెట్టి టూకీ అని కొట్టండి, ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్యాకేజీలన్నిట్లో వెతుకుతుంది, పెద్ద చిన్న అక్షరాలు పట్టించుకోదు. స్టాట్స్ ప్యాకేజీలో టూకీ హెచ్ఎస్‌డీ కనిపిస్తుంది, మీకు కావాల్సింది అదే. ఇంకోటి, ఒక ప్రశ్న గుర్తు లైబ్రరీతో లోడ్ చేసిన ప్యాకేజీల్లోనే చూస్తుంది. లోడ్ చేయకపోతే ప్యాకేజీ పేరు, రెండు కోలన్లు, ఆపైన ఫంక్షన్ పేరు ఇవ్వాలి. ఫిల్టర్ లాంటి వాటికి ఇది బాగా పనికొస్తుంది, స్టాట్స్‌లో ఒకటుంది, డీప్లయర్ అనే ప్యాకేజీలో ఇంకొకటుంది, రెండూ చేసే పని పూర్తిగా వేరు.

కన్సోల్_అన్న:
పైదానికి ఒక్క మాట కలుపుతాను. అనోవా ఫలితానికి సమ్మరీ తీస్తారు కదా, ఉత్త సమ్మరీ పేజీ చదివితే ఏమీ అర్థం కాదు, అది అన్నిటికీ కలిపి రాసింది. సమ్మరీ డాట్ ఏఓవీ అని వెతకండి, ఆ టేబుల్ గురించి అక్కడుంటుంది.