సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు కొంటున్నాను, అడుగు భాగంలో ఏం చూసుకోవాలి?

వేరావల్_నుంచి_వచ్చేశా:

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. ఏడేళ్లు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద కలాసీగా (బోటు పనివాడిగా) చేశాను, ఇక అటు వెళ్లనని ఈసారి అమ్మ ఒట్టు వేయించుకుంది. నా దగ్గర ఉన్నది కొంత, బావమరిది పెట్టేది కొంత, కలిపి ఇక్కడే సొంతంగా ఒక బోటు చూసుకుందామని తిరుగుతున్నాం. పక్క ఊళ్లో ఒకటి అమ్మకానికి ఉంది. ఫైబర్, 30 అడుగులు, 2016లో చేయించారట. పది హెచ్‌పీ అవుట్‌బోర్డు ఇంజిన్‌తో కలిపి 2,10,000 చెబుతున్నారు, వలలు కాకుండా.

ఇంజిన్ మెకానిక్‌కి చూపించాను, బాగుందన్నాడు. నా భయమంతా బోటు ఒంటి గురించే. వేరావల్‌లో నేను చేసినవి చెక్క బోట్లు, ఫైబర్ సంగతి నాకు పెద్దగా తెలియదు. ఈమధ్యే రంగు వేశారు, నీలం మీద పసుపు గీత, కొత్త పెళ్లికూతురిలా ఉంది. వంగి చూస్తే అమరం (బోటు వెనక భాగం) వైపు అడుగున అరచేయంత మేర గరుకుగా తగిలింది. అడిగితే "రంగు సరిగ్గా ఆరలేదు" అన్నాడు. జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది, ఆదివారం లోపు 50,000 అడ్వాన్సు ఇవ్వకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తానంటున్నాడు. టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఫైబర్_మేస్త్రీ:

తమ్ముడూ, నేను విశాఖలో 22 ఏళ్లుగా ఫైబర్ పని చేస్తున్నాను. నిషేధం రోజుల్లో అందరూ రంగు వేస్తారు, సంక్రాంతికి ఇంటికి సున్నం వేసినట్టే, దానికి అనుమానపడక్కర్లేదు. నువ్వు చెప్పిన ఆ గరుకు మాత్రం నాకు నచ్చలేదు. ఆరని రంగు చేతికి అంటుతుంది గానీ గరుకుగా ఉండదు. అక్కడ మ్యాట్ (గాజు నార పట్టా) వేసి అతికి, సరిగ్గా అరగదీయకుండా పైన రంగు కొట్టారు. అతుకు ఉండడం నేరమేం కాదు, ఒడ్డు మీద లాగే బోటుకి పదేళ్లలో అతుకు పడకపోతేనే ఆశ్చర్యం. దేని మీద వేశారన్నదే ప్రశ్న. పాత పొరని బాగా రుద్ది, కడిగి, పూర్తిగా ఎండాక రెజిన్ (నారని పట్టి ఉంచే జిగురు) వేస్తే పట్టుకుంటుంది. తడి మీదో పాత రంగు మీదో వేస్తే బిళ్లలా ఊడొస్తుంది, అదీ నడి సముద్రంలో.

కుండ కొనేటప్పుడు వేలితో మోగించి చూస్తాం కదా, ఇదీ అంతే. స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడి తీసుకో, లేదా ఐదు రూపాయల బిళ్ల. అణియం (బోటు ముందు భాగం) దగ్గర మొదలుపెట్టి జానెడు జానెడు దూరంలో కొట్టుకుంటూ అమరం దాకా వెళ్లు, రెండు వైపులా. గట్టిగా ఉన్నచోట టక్ టక్ అని పొడిగా వినిపిస్తుంది. పొరలు విడిపోయిన చోట, లోపల చెక్క పుచ్చిన చోట బొద్దుగా, తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు వస్తుంది. శబ్దం మారిన ప్రతిచోటా సుద్దముక్కతో గీత పెట్టు. లోపల అడ్డచెక్క ఉన్నచోట కూడా మారుతుంది, అది తప్పు కాదు, అందుకే కుడివైపు కొట్టినచోటే ఎడమవైపు కూడా కొట్టి పోల్చుకో. చుట్టూ జనం మాట్లాడుతుంటే ఏమీ తెలియదు, తెల్లారకముందే వెళ్లు.

తర్వాత వెన్ను, అంటే అడుగున నడిమధ్య పొడుగ్గా ఉండే దూలం. మన దగ్గర బోటు పాడయ్యేది నీళ్లలో కాదు, ఇసుకలో. రోజూ దింపడం ఎక్కించడం, ఇసుక శాండ్‌పేపర్‌లా తినేస్తుంది, ముఖ్యంగా అమరం వైపు మూడో వంతు. బోటుని ఒక పక్కకి వాల్చమను, వాల్చి చూడకుండా మాట్లాడుకోవడం దండగ. వెన్ను మీద పైపూత పోయి గాజు నార పీచులా కనిపిస్తే అప్పటికే నీళ్లు పీలుస్తోందని. రాత్రిపూట లోపల మంచి టార్చి లైటు ఆనించి బయట ఒకణ్ణి చూడమను, అరిగి పలచబడ్డ చోట వెలుగు మసగ్గా బయటికి వస్తుంది. రంగు మందంగా ఉంటే కనిపించదనుకో. అణియం నుంచి అమరం దాకా వెన్ను పక్కన దారం లాగి పట్టుకుని, అది ఎక్కడైనా పక్కకి వంగిందా అని కూడా చూడు.

ఇంజిన్ తగిలించే పలక సంగతి అందరూ వదిలేస్తారు. అది బయటికి ఫైబరే గానీ లోపల ప్లైవుడ్ ఉంటుంది. బోల్టు రంధ్రాల గుండా నీళ్లు దిగి ప్లైవుడ్ లోపలే కుళ్లిపోతుంది, పైకి ఏమీ తెలియదు. ఇంజిన్‌ని పైకెత్తి దాని తోక దగ్గర పట్టుకుని గట్టిగా కిందికీ పైకీ ఊపు, నీ బావమరిదిని పలక మూల దగ్గర కళ్లు పెట్టి చూడమను. పలక వెంట్రుకంత కదిలినా, మూలలో గీత విచ్చుకున్నా అనుమానించు. బోల్టు కింద నుంచి గోధుమరంగు నీరు కారిన చార ఉంటే ఇంక చెప్పక్కర్లేదు.

పగుళ్లలో కూడా తేడా ఉంది. సాలెగూడులా ఒక చుక్క నుంచి చుట్టూ పాకితే ఏదో తగిలిందని, లోపలివైపు కూడా అదే చోట చూడాలి. ఒకదాని పక్కన ఒకటి గీతల్లా ఉంటే అక్కడ ఒళ్లు పదేపదే వంగుతోందని, ఇదే ఎక్కువ ప్రమాదం. తిత్లీ తుపాను, 2018 అక్టోబరులో, అప్పుడు ఈ బోటు ఎక్కడుందో కూడా అడుగు. ఆ తుపానుకి మీ వైపు చాలా బోట్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

చేపలబుట్ట_ఉప్పాడ:

మేస్త్రీ గారు చెప్పిందంతా సరే, నేను మా ఇంట్లో జరిగింది చెబుతాను. మూడేళ్ల కింద మా ఆయన ఇలాగే రంగు చూసి ఒక ఫైబర్ బోటు కొన్నారు. నా చీటీ డబ్బులు కూడా అందులోనే పోశాం. పగుళ్లు లేవు, అతుకులు లేవు, అంతా బాగుంది. కాకపోతే మా పాత బోటుని పదిమంది తోస్తే కదిలేది, దీన్ని పదిహేను మంది తోసినా ఇసుకలో పాతుకుపోయినట్టు ఉండేది. కొత్త బోటు కదా బరువుంటుంది అనుకున్నాం, మా తెలివి అలా తెల్లారింది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, అణియం దగ్గరా బల్లల కిందా బోటు మునిగిపోకుండా మూసేసిన అరలు ఉంటాయి కదా, వాటిలో థర్మాకోల్ పెడతారు. ఆ అరకి ఎక్కడో సన్నటి సందు పడి నీళ్లు చేరాయి. చేరిన నీళ్లు బయటికి రావు. బకెట్లు పెట్టి తోడితే దాదాపు 200 లీటర్లు, అంటే రెండు క్వింటాళ్ల బరువు రోజూ మోసుకుంటూ వేటకి వెళ్తున్నాం అన్నమాట, పెట్రోలు ఎందుకు ఇంత తాగుతోందని ఇంజిన్‌ని తిట్టుకుంటూ. ఇంకో అరలో పెట్రోలు ఒలికి థర్మాకోల్ కరిగి జిగురు ముద్దయిపోయి ఉంది, అర మొత్తం ఖాళీ. బోల్తా పడి ఉంటే ఆ పక్క ఏమీ తేల్చేది కాదు.

కాబట్టి బాబూ, అమ్మేవాడిని అడగడం కంటే ఆ ఊళ్లో ఆ బోటు తోయడానికి వెళ్లే కుర్రాళ్లని అడుగు. "ఈ ఏడాది బరువెక్కిందా" అని. వాళ్లకి అబద్ధం చెప్పాల్సిన పని లేదు. అరల మీద మూతలుంటే తీయించు, మూతలు లేకపోతే ఆ అరల మీద కూడా కొట్టి విను.

పాత_సరంగు:

కొట్టి వినడం, దారం పట్టడం, ఇదంతా సంగీత కచేరీలా ఉంది. బోటుని నీళ్లలో వేసి, మనుషుల్నీ ఐసునీ ఎక్కించి, కెరటం మీద రెండు గంటలు తిప్పి, ఒడ్డుకొచ్చి లోపల ఎన్ని నీళ్లున్నాయో చూడండి. నేను 30 ఏళ్లు అలాగే చూశాను. నిషేధంలో సముద్రంలోకి దింపనివ్వకపోతే నిషేధం అయ్యాకే కొను, తొందరేముంది? ఆదివారం లోపు అడ్వాన్సు అన్నవాడికి సోమవారం కూడా అదే బోటు ఉంటుంది.

అదీగాక తమ్ముడు ఫైబర్‌కి భయపడుతున్నాడు గానీ నన్నడిగితే చెక్క బోటుకి పైన ఫైబర్ తొడుగు వేసినవి ఇంకా మోసం. చెక్క బోటైతే పురుగు తొలిచిందో లేదో మేకుతో పొడిస్తే తెలిసేది. తొడుగు వేశాక లోపల చెక్క, ఫైబర్ మధ్య నీరు చేరి చెక్క నానిపోతుంటే పైన అద్దంలా మెరుస్తూ ఉంటుంది. తాళ్లరేవు కోరంగి వైపు వడ్రంగులు ఎంత బాగా కట్టినా తడి చెక్కకి తొడుగు వేస్తే అంతే సంగతులు.

ఫైబర్_మేస్త్రీ:

సరంగు గారూ, నీళ్లలో తిప్పి చూడాలన్నది నేనూ ఒప్పుకుంటాను. కానీ కారేది మాత్రమే మీకు నీళ్లలో తెలుస్తుంది, విడిపోతున్నది తెలియదు. పలక పుచ్చిన బోటు చుక్క నీరు రాకుండా ఆరు నెలలు తిరుగుతుంది, ఏడో నెలలో ఇంజిన్‌తో సహా పలక ఊడి సముద్రంలో పడుతుంది. అలాంటివి రెండు నేనే బాగుచేశాను.

కొచ్చి_సర్వే_కుర్రాడు:

నేను కొచ్చిలో మెరైన్ సర్వేయర్ దగ్గర పనిచేస్తాను, ఊరు మచిలీపట్నం. మేం తేమ కొలిచే మీటర్ వాడతాం. కానీ తమ్ముడు ఆ మీటర్ కొనుక్కోవాల్సిన పనిలేదు, తాజా రంగు మీద, ఉప్పు పేరుకున్న చోట అది తప్పు చూపిస్తుంది, చేయి తిరిగినవాళ్లకి కూడా మీటర్ కంటే చెవే ముందు పట్టేస్తుంది.

రెండు విషయాలు చేరుస్తాను. అడుగున పొక్కుల్లాంటి బొబ్బలు ఉంటే ఒకటి గుచ్చి చూడండి. ముఖం పక్కకి పెట్టుకుని గుచ్చాలి, లోపలి ద్రవం చిమ్ముతుంది, కంట్లో పడకూడదు. పుల్లగా వెనిగర్ వాసన వచ్చి వేళ్లకి జిగటగా అంటితే నీరు పైపూత దాటి లోపలి రెజిన్‌తో కలిసిందని అర్థం. ఒకటి రెండు ఉంటే ధర తగ్గించి కొనొచ్చు, అడుగంతా ఉంటే వద్దు, ఎందుకంటే గీకేసి మంచినీళ్లతో కడిగి వారాల తరబడి ఎండబెట్టాలి, సీజన్ అంతా ఒడ్డు మీదే పోతుంది. మామూలు రంగు కింద గాలి చేరి వచ్చిన పొక్కు అయితే లోపల పొడిగానే ఉంటుంది, దానికి కంగారు పడకండి.

కాగితాలు కూడా అడగండి. అణియం మీద రాసిన రిజిస్ట్రేషన్ నంబరు, సర్టిఫికెట్‌లోని నంబరు, కొలతలు ఒకటేనా, బ్యాంకులో గానీ షావుకారి దగ్గర గానీ అప్పు ఉందా, మత్స్యశాఖ ఆఫీసులో మీ పేరుకి మార్చి ఇస్తాడా. పేరు మారకుండా తిప్పితే రేపు వేట నిషేధ భృతి, డీజిల్ రాయితీ, బీమా ఏదైనా పాత ఓనరు పేరు మీదే ఉండిపోతుంది.

వేరావల్_నుంచి_వచ్చేశా:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్లాం నేనూ బావమరిదీ. అమ్మేవాడు నిద్రలోంచి లేచి వచ్చి "ఏమిటిది, పెళ్లిచూపులా" అని విసుక్కున్నాడు. కొట్టుకుంటూ వెళ్లాను. ముందువైపంతా టక్ టక్. అమరం దగ్గరికి వచ్చేసరికి, నేను చెప్పిన ఆ గరుకు చోటు నుంచి పైకి ఇంజిన్ పలక దాకా, మూరెడు మేర శబ్దం చచ్చిపోయింది. ఇదివరకు ఎప్పుడూ వినలేదు గానీ విన్న వెంటనే తెలిసిపోయింది. ఎడమవైపు బాగానే ఉంది, అంతా కుడివైపే.

ఇంజిన్ ఊపితే బావమరిది "కదిలింది" అన్నాడు, అమ్మేవాడు "కదల్లేదు" అన్నాడు. సరే అని లోపలివైపు నుంచి ఒక బోల్టు విప్పించాను. రంధ్రంలో సన్నటి పుల్ల పెట్టి తిప్పితే నల్లటి తడి పొట్టు వచ్చింది, వాసన మురిగిన కొబ్బరి పీచులా. వెన్ను మాత్రం అనుకున్నంత అరగలేదు, బొబ్బలు లేవు. తోసే కుర్రాళ్లని అడిగితే బరువు మారలేదన్నారు, కానీ ఒకడు "తిత్లీకి ఇది పక్క బోటు మీద పడింది కదన్నా" అని మామూలుగా అనేశాడు. అమ్మేవాడు ఇక అక్కడ నిలబడలేదు.

సాయంత్రం ఫోన్ చేసి 1,60,000కి ఇస్తానంటున్నాడు. మేస్త్రీ గారూ, పలక మార్చడానికీ ఆ కుడివైపు సరిచేయడానికీ ఎంత అవుతుంది, పని ఎన్ని రోజులు? దాని కోసం బోటు వదులుకోవాలా?

ఫైబర్_మేస్త్రీ:

పాడైంది పలక, దాని కింద మూరెడు మాత్రమే అయితే వదులుకోనక్కర్లేదు. కానీ మూరెడా, రెండు మూరలా అన్నది పైపొర విప్పితేనే తెలుస్తుంది. పాత ప్లైవుడ్ మొత్తం తీసేయాలి, సగం ఉంచి సగం మార్చేవాడికి పని ఇవ్వకు. మెరైన్ ప్లై, మ్యాట్, రెజిన్, ఇద్దరు మనుషులు, వాన పడకపోతే వారం నుంచి పది రోజులు. ఖర్చు చూడకుండా చెప్పలేను గానీ 40,000 పక్కన పెట్టుకుని బేరం మొదలుపెట్టు, అంటే 1,60,000 కాదు, 1,20,000 నుంచి. పైపొర విప్పి చూశాకే మిగతా డబ్బు అని కాగితం మీద రాయించుకో. దానికి ఒప్పుకోకపోతే వాడికి లోపల ఇంకేదో తెలుసని.

ఇంకోటి, నువ్వు విప్పిన ఆ బోల్టు మళ్లీ బిగించావా? రంధ్రం తెరిచి వదిలేస్తే వాన నీళ్లు దిగుతాయి, ఇంకా అది వాళ్ల బోటే.

వేరావల్_నుంచి_వచ్చేశా:

బిగించలేదు. ఇప్పుడే వెళ్తున్నా.