దద్దోజనంలో ఆ ‘జ’ ఎక్కడి నుంచి వచ్చింది?

అందరికీ నమస్కారం. మాది కోనసీమ, వైనతేయ గట్టు పక్క ఊరు. దసరా తొమ్మిది రోజులూ సాయంత్రం గుడి మండపంలో ఆడవాళ్లం పాతిక ముప్పై మందిమి కూర్చుని లలితా సహస్రనామం చదువుతాం, తర్వాత కుంకుమపూజ. మొన్న మైకు పట్టుకున్న అమ్మాయి (మా తోడికోడలి కూతురు, గొంతు బాగుంటుందని ఇచ్చాం) ‘ముద్గోదనాసక్తచిత్తా’ అని చదివేసింది. పక్కనున్న అత్తయ్యగారు, రిటైరైన టీచరు లెండి, ఊరుకోరు కదా, పారాయణ అయ్యాక పట్టుకున్నారు. “ద్గో కాదే, ద్గౌ. ముద్గౌదన.” ఆ పిల్ల తక్కువ తిన్నదా, “మరి దద్దోజనం అంటే దధ్యోదనమే కదండీ, అక్కడ ఓత్వం ఉన్నప్పుడు ఇక్కడ ఔత్వం ఎందుకండీ?” అంది. మండపం అంతా నవ్వులు. జవాబు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

ఇంటికొచ్చి పుస్తకం తీసి చూస్తే అనుమానాలు పెరిగాయి. సహస్రనామంలో చక్రాల వరస వస్తుంది కదా, విశుద్ధిచక్రం నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట అమ్మవారికి ఏ అన్నం ఇష్టమో చెబుతారు. పాయసాన్నప్రియా, స్నిగ్ధౌదనప్రియా, గుడాన్నప్రీతమానసా, దధ్యన్నాసక్తహృదయా, ముద్గౌదనాసక్తచిత్తా, హరిద్రాన్నైకరసికా, చివర సహస్రారంలో సర్వౌదనప్రీతచిత్తా. అంటే పాలన్నం, నేతి అన్నం, బెల్లమన్నం, పెరుగన్నం, పెసరపప్పు అన్నం, పసుపన్నం, ఆఖర్న అన్ని రకాలూ. మన దసరా నైవేద్యాల జాబితా దాదాపు ఇదే! కానీ అసలు చోట దధ్యోదనం లేదు, దధ్యన్నం ఉంది. కొన్ని చోట్ల ఓదనం (అదీ అన్నమే) వాడినవారు పెరుగు దగ్గరికొచ్చేసరికి అన్నం అని ఎందుకన్నారు? మన నోట్లో మాత్రం దద్దోజనం అని ఓదనమే ఎందుకు మిగిలింది? ఆ జ ఎక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలకొల్లు మాస్టారు: అమ్మా, మొదటిది తేలిక. ముద్గ + ఓదన. అకారం తర్వాత ఓకారం వస్తే ఔకారం, వృద్ధిసంధి. వన + ఓషధి వనౌషధి అయినట్టే. స్నిగ్ధౌదన, సర్వౌదన కూడా అంతే. దధి చివర ఉన్నది ఇకారం, కాబట్టి అక్కడ వృద్ధి రాదు, యణాదేశం వస్తుంది, దధి + ఓదన దధ్యోదన. మీ అమ్మాయి అడిగినది సరైన ప్రశ్నే, కొట్టిపారేయకండి. ఇంకో తమాషా, హరిద్రాన్నైకరసికా అన్న ఒక్క పేరులో రెండు సంధులున్నాయి. హరిద్రా + అన్న సవర్ణదీర్ఘం, అన్న + ఏక మళ్లీ వృద్ధి. పదో తరగతి పిల్లలకి నేను ఈ పేరే ఉదాహరణగా చెప్పేవాణ్ణి, పరీక్షలో ఎలాగూ అడగరు కానీ గుర్తుండిపోతుంది.

అన్నం, ఓదనం సంగతి నాకు తోచింది చెబుతాను. ఇవి అనుష్టుప్ శ్లోకాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు. వేళ్లు మడిచి లెక్కపెట్టండి: ద, ధ్య, న్నా, స, క్త, హృ, ద, యా. ఎనిమిది. అక్కడ దధ్యోదన అని పెడితే ద, ధ్యో, ద, నా, స, క్త, హృ, ద, యా, తొమ్మిదైపోతుంది. ముద్గౌదన దగ్గర మూడక్షరాల ‘హృదయా’ తీసేసి రెండక్షరాల ‘చిత్తా’ పెట్టారు చూశారా? మళ్లీ ఎనిమిది. అన్నం వస్తే హృదయం, ఓదనం వస్తే చిత్తం. అర్థంలో తేడా ఏమీ లేదు, కొలత కుదిరింది. ‘ప్రియా’ అని ఒకచోట, ‘ప్రీతమానసా’ అని ఒకచోట, ‘ఏకరసికా’ అని ఇంకోచోట, ఇష్టం అనే ఒక్క ముక్కని ఇన్ని రకాలుగా తిప్పి చెప్పడం ఎంత బాగుందో.

మైకు అమ్మాయి తప్పు చాలామంది చెవికి పట్టకపోవడానికీ కారణం ఇదే. ద్గో అన్నా ద్గౌ అన్నా గురువే, అక్షరాల లెక్క చెడదు, నడక ఆగదు. లెక్క చెడి ఉంటే ముప్పై గొంతులూ ఒకేసారి తడబడేవి.

(నేనే) మాస్టారూ, లెక్కపెట్టాను, నిజమే! ఇన్నేళ్లుగా చదువుతున్నాను, ఒక్కసారి కూడా తట్టలేదు.

రాజోలు తమ్ముడు: జ గురించి నాదో ముక్క. సంధ్య తెలుగులో సంజ అయింది, ఉపాధ్యాయుడు ఒజ్జ అయ్యాడు. ధ్య వచ్చిన చోట జ పుట్టడం కొత్త కాదు. దధ్యోదనంలోనూ ధ్య ఉంది కదా. కాకపోతే ఆ జ ఉండాల్సిన చోట ఉండకుండా ఒక అక్షరం అవతలికి దూకింది. దజ్జోదనం కావాల్సింది దద్దోజనం అయింది. నోట్లో అక్షరాలు తారుమారవడం మామూలే, నవ్వులాట నవ్వుటాల అవలేదూ?

పాలకొల్లు మాస్టారు: బాగుంది తమ్ముడూ, కానీ అంత దూరం వెళ్లక్కర్లేదేమో. విద్య విద్దె అయింది, పద్యం పద్దెం అయింది. అదే దారిలో దధ్యో దద్దో అయిపోయింది అనుకో. మిగిలిన ‘దనం’ జనం నోట్లో ‘జనం’ ఎందుకయిందంటే, పక్కనే భోజనం అనే మాట రోజూ వినపడుతోంది. ఓదనం ఎవరికీ తెలియని మాట, భోజనం అందరికీ తెలిసిన మాట. తెలియని మాటని తెలిసిన మాటలా పలకడం మనకి అలవాటే. ఇది నా ఊహే, పట్టుబట్టను.

రాజోలు తమ్ముడు: మీ ఊహే బాగుందండి, నాది వెనక్కి తీసుకుంటున్నా. సగం.

ద్రాక్షారామం దగ్గరి అక్క: ఓదనం తెలుగులో బతకలేదు గానీ ఓగిరం బతికింది, అది కూడా అన్నమే. పులి అంటే పులుపు (పులుసులో ఉన్నదే), పులి + ఓగిరం పులియోగిరం, అరిగి అరిగి పులిహోర. కన్నడం వాళ్లు ఇప్పటికీ పుళియోగరె అనే అంటారు. మా అబ్బాయి చిన్నప్పుడు పులిహోర తినమంటే పులి ఏదని ఆకులో వెతికేవాడు. అదలా ఉంచి, హరిద్రాన్నం అంటే పులిహోరే అని మా గుళ్లో కూడా పెడతారు గానీ ఆ మాటలో పులుపు లేదు, హరిద్ర అంటే పసుపు, అంతే. అమ్మవారికి చింతపండు ఇష్టమో కాదో ఈ పేరును బట్టి తేలదు. నన్నడిగితే పులిహోర పెట్టినవాళ్లకే ఓటు వేస్తాను.

స్నిగ్ధం కూడా చూడండి. స్నేహం, స్నిగ్ధం ఒకే ధాతువు. సంస్కృతంలో స్నేహం అంటే జిడ్డు కూడా, నూనె, నెయ్యి. వైద్యులు స్నేహపానం అంటే స్నేహితుడితో కాఫీ కాదు, నెయ్యి తాగించడం. వేడన్నంలో నెయ్యి వేసి కలిపితే మెతుకు మెతుకుకీ పట్టుకుంటుంది చూడండి, స్నిగ్ధౌదనం అదే. పాయసంలో ఉన్నదీ పయస్సే, అంటే పాలు. మనం పరవాన్నం అని బెల్లం, కొబ్బరి ముక్కలు వేసి మురిసిపోతాం గానీ ఆ మాట పాలు తప్ప ఇంకేమీ అడగదు.

ఒక సభ్యుడు: ఇంత చర్చ ఎందుకండీ, భక్తి ముఖ్యం గానీ ఓత్వం ఔత్వం ముఖ్యమా?

(నేనే) బాబాయ్ గారూ, భక్తిని ఎవరూ కాదనలేదు. కానీ కుంకుమపూజలో నామావళి స్పీడు మీరు విన్నారా? ‘దధ్యన్నాసక్తహృదయాయై నమః’ అనడానికి ఒక్క క్షణం, ఈలోగా చిటికెడు కుంకుమ పడిపోవాలి, తర్వాతి పేరు తరుముకొస్తుంది. పావుగంట గడిచేసరికి పేరు ఎవరికీ వినపడదు, ‘యైనమః యైనమః’ ఒక్కటే మండపం కప్పుకి తగులుతుంటుంది. నేనూ అలాగే అన్నాను ఇన్నాళ్లూ. ‘కాకినీరూపధారిణీ’ అని వచ్చినప్పుడు మా మనవరాలు “అమ్మవారు కాకి అయిందా?” అని అడిగితే నాకు చెప్పడానికేమీ లేకపోయింది, ఆ వరసలో డాకిని, రాకిణి, లాకిని అని ఒక్కో చక్రానికి ఒక్కో శక్తి ఉందని నిన్న అత్తయ్యగారు చెబితేనే తెలిసింది. పేరు ఏమిటో తెలిసి పిలవడం వేరు కదండీ.

ద్రాక్షారామం దగ్గరి అక్క: నిజమే. మా మాణిక్యాంబ గురించి శక్తిపీఠాల శ్లోకంలో ‘మాణిక్యా దక్షవాటికే’ అని రోజూ చదువుతూ, ఆ దక్షవాటిక అంటే మన ద్రాక్షారామమే అని నాకు పెళ్లయి ఈ ఊరొచ్చాక తెలిసింది.

రాజోలు తమ్ముడు: ఇంకో ప్రశ్న. ఇంట్లో తింటే పెరుగన్నం, గుళ్లో దొన్నెలో పెడితే దద్దోజనం. ఇంట్లో ఆవాలు, అల్లం, కరివేపాకు పోపు వేసి కలిపినా పెరుగన్నమే అంటాం. గుడి గడప దాటితే పేరు మారిపోవడం భలే కదా. ఇంట్లో దద్దోజనం అనేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాలకొల్లు మాస్టారు: మా ఇంట్లో నేనొక్కణ్ణే అంటాను. మా ఆవిడ “పెరుగన్నం అనండి, వడ్డిస్తా” అంటుంది.

(నేనే) ఈ సాయంత్రం పారాయణ అయింది. ఆ పిల్ల ‘ద్గౌ’ దగ్గర ఎంత ఒత్తిందంటే మైకు కీచుమంది. ప్రసాదం ముద్గౌదనమే, అదే, పులగం. ఇంకో అనుమానం మిగిలింది. మా వదిన మిరియాలు, జీలకర్ర వేసి నెయ్యి పోసి తెచ్చి పులగం అంది, అత్తయ్యగారు అది కట్టుపొంగలి అన్నారు. మీ వైపు ఏమంటారు?

ద్రాక్షారామం దగ్గరి అక్క: మిరియం పడితే కట్టుపొంగలే. ఇందులో సంధి లేదు, సందేహమూ లేదు.