బ్యారేజీ దగ్గర నాకు కలిగింది సబ్లైమేనా?

ప్రశ్న (ఎం.ఏ. విద్యార్థిని, విజయవాడ):
సబ్లైమ్ (ఉదాత్తం, అంటే భయపెడుతూనే మనసుని లాగేసే మహత్తు) గురించి బర్క్, కాంట్ అనే పాశ్చాత్య తత్వవేత్తలు రాసింది చదువుతుంటే 2024 సెప్టెంబరు 2 పదే పదే గుర్తొస్తోంది. ఆ రోజు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వెళ్లింది. దుర్గ గుడి కొండ దిగువన నిలబడి చూశాను. సాయంత్రాలు ఘాట్ మెట్ల మీద కూర్చుని చూసే అందమైన కృష్ణ కాదది. హోరుకి పక్కవాళ్ల మాట వినపడలేదు. ఒళ్లు జలదరించింది, అయినా కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. నిజం చెప్పాలంటే సంతోషం లాంటిదే కలిగింది. అదే సమయానికి సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్లు బుడమేరు వాగు నీళ్లలో చిక్కుకుని ఉన్నారు. అలా అనిపించడం తప్పా?

జవాబు (రిటైర్డ్ లెక్చరర్, గుంటూరు):
తప్పేం లేదమ్మా. బర్క్ 1757లోనే చెప్పాడు: చిన్నవి, నున్ననివి, సుకుమారమైనవి అందం. ఉదాత్తానికి మూలం భయం. కానీ ప్రమాదం మరీ మీదికొస్తే మిగిలేది ఉత్త భయమే. 1790లో కాంట్ ఇంకా ముందుకెళ్లి, ఉదాత్తత నదిలో లేదు, చూసే మనసులో ఉందన్నాడు. శరీరం ఎంత అల్పమో తెలుస్తూనే, ఆ బలానికి లొంగనిది ఒకటి మనలో ఉందని తెలుస్తుంది. అయితే మనం క్షేమంగా ఉన్నచోట నిలబడి చూడాలి.

గీత 11వ అధ్యాయం తీసి చూడు. విశ్వరూపం చూసిన అర్జునుడు సంతోషించాననీ, భయంతో మనసు కలత పడిందనీ ఒకే శ్లోకంలో అంటాడు. వెంటనే పాత రూపమే చూపించమని వేడుకుంటాడు. ఆ సౌమ్యరూపం చూశాకే కుదుటపడ్డాడు. నాకైతే ఉదాత్తానికీ అందానికీ తేడా ఇంతకన్నా బాగా ఎక్కడా దొరకలేదు.

జవాబు (సింగ్ నగర్):
మేం మేడ మీద ఉన్నాం. మా నీళ్లకి హోరు లేదండీ. చప్పుడు లేకుండా మెట్టు తర్వాత మెట్టు ఎక్కాయి. కరెంటు లేదు, పాపకి పాలెట్లా అని ఒకటే టెన్షన్. రాత్రంతా సెల్ లైటు వేసి మెట్లు లెక్కపెట్టాం. కాంట్ గారు క్షేమంగా ఉంటే అన్నారు చూడండి, మాకు ఆ మాట దగ్గరే ఆగిపోయింది. మీకు కలిగింది అబద్ధమని మాత్రం అనను.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
పిన్ని కూడా మెట్ల సంగతే చెప్పిందండీ. ఏడో మెట్టు దాకా వచ్చాయట. నా వ్యాసం ఆ 'క్షేమంగా' అన్న మాటతోనే మొదలుపెడతాను. మాస్టారూ, అర్జునుడికి పాత రూపం మళ్లీ కనిపించింది. మొన్న పిన్నిని ఘాట్‌కి తీసుకెళ్లాను. నీళ్లు చాలా కిందే ఉన్నాయి, ఎండ పడి మెరుస్తున్నాయి. పిన్ని పై మెట్టు దిగలేదు.