లండన్ నుంచి డబ్లిన్‌కి ఆవకాయ పార్సిల్ రెండుసార్లు వెనక్కి పోయింది

నేను డబ్లిన్‌లో ఉంటాను. లండన్ నుంచి అక్క పంపిన పార్సిల్ మార్చి 4న, మళ్లీ 21న ఇక్కడి కస్టమ్స్ నుంచి వెనక్కి పోయింది. అందులో కిలో ఆవకాయ, అరకిలో కందిపొడి, అంతే. 2021 నుంచి బ్రిటన్ పార్సిళ్లలో పాలు, మాంసం పదార్థాలు రానివ్వరని నెయ్యి స్వీట్లు ముందే తీసేశాం. విలువ 30 యూరోలు. 45 లోపు గిఫ్ట్‌కి పన్ను ఉండదు. డిక్లరేషన్‌లో మొదట ‘ఫుడ్’ అని, తర్వాత ‘మ్యాంగో పికిల్’ అని రాశాం. స్టిక్కర్ మీద ‘వివరాలు అసంపూర్ణం’ అని మాత్రమే ఉంది. రెండోసారి తిరిగొచ్చేసరికి మూత చుట్టూ నూనె కారిపోయిందట, ప్రాణం ఉసూరుమంది. యూకేలో భాగమైన ఉత్తర ఐర్లాండ్‌లో, బెల్‌ఫాస్ట్‌లోని స్నేహితురాలికి మాత్రం ఇలాంటి డబ్బానే నాలుగు రోజుల్లో చేరింది.

బ్రిటన్ నుంచి ఐర్లాండ్‌కి ఈమధ్య పచ్చళ్లు తెప్పించుకున్నవాళ్లు డిక్లరేషన్‌లో హెచ్‌ఎస్ కోడ్‌తో (సరుకు ఏ రకమో కస్టమ్స్‌కి చెప్పే నంబర్) సహా సరిగ్గా ఏం రాశారో చెప్పగలరా?