‘తగ్గవలసియున్నది’: తగ్గేదెవరు, తగ్గించేదెవరు?

పెదవాల్తేరు నుంచి ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో ఫుట్‌బాల్ ఆడే మా సంఘ యువకుల కూడికలో ప్రసంగీకులు బ్రెజిల్ ఆటగాడు కాకాను గుర్తుచేశారు. 2007 మే 23న ఏథెన్సులో ఏసీ మిలాన్ లివర్‌పూల్‌ను 2-1తో ఓడించిన రాత్రి, తాను యేసుకు చెందినవాడనని ఇంగ్లీషులో రాసి ఉన్న బనియనుతో ఆయన మోకాళ్లూనిన సంగతి చెప్పి, బాప్తిస్మమిచ్చు యోహాను మాట ఒకటి ఎత్తుకున్నారు. ‘తగ్గవలసియున్నది’ అన్న చివరి పదం మాత్రమే నాకు నిలిచింది. అది ‘నేను తగ్గవలసియున్నది’యా, ‘నన్ను నేను తగ్గించుకొనవలసియున్నది’యా? ఆటగాడి వినయానికి ఈ రెంటిలో ఏది తగును?

మహారాణిపేట నుంచి:
యోహాను సువార్త 3:30లో ఉన్నది ‘ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది’. అక్కడ ‘కొను’ లేదు. మీరు కలుపుతున్నది లూకా 18:14లోని ‘తన్నుతాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును’ అన్న మాట. కూటాలలో ఈ రెండూ తరచుగా కలిసిపోతాయి. ‘తగ్గు’ అకర్మకం, అంటే కర్మ అక్కరలేని క్రియ, అందులో ప్రయత్నం కనబడదు. ‘తగ్గించుకొను’లో చేసేవాడూ అనుభవించేవాడూ ఒక్కడే. వేలమంది చూస్తుండగా మోకాళ్లూనడం ఇష్టపూర్వకంగా చేసిన పని కనుక, కాకాకు ‘కొను’ ఉన్న రూపమే సరిపోతుంది.

గాజువాక నుంచి:
మాస్టారూ, సగమే ఒప్పుకుంటాను. వృత్తి ఫుట్‌బాల్‌లో తగ్గించుకొనే సందర్భాలకంటే తగ్గింపబడే సందర్భాలే ఎక్కువ. కోచ్ జట్టులోంచి పేరు తీసివేస్తాడు, బెంచి మీద కూర్చోబెడతాడు. అక్కడ ‘కొను’ ఎలా పొసగుతుంది? ఫ్రాన్స్ ఆటగాడు ఒలివియే జిరూను చూడండి. 23వ కీర్తన మొదటి మాటను లాటిన్‌లో కుడిచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకున్న విశ్వాసి ఆయన. 2018 ప్రపంచ కప్పును ఫ్రాన్స్ గెలిచింది గాని, ముందువరుసలో నడిమి ఆటగాడైన ఆయన కొట్టిన షాట్లలో ఒక్కటీ గోల్‌లోకి గురి కుదరలేదు. వెనకనుంచి డిఫెండరు మీదపడుతుండగా, ఎత్తుగా వచ్చిన బంతిని ఛాతీతో ఆపి, ఎంబాపేకూ గ్రీజ్‌మన్‌కూ దారి చేసిపెట్టడమే ఆయన పని అయింది. వారిద్దరూ చెరి నాలుగు గోల్స్ చేశారు. హెచ్చినవారు వారు, తగ్గినవాడు ఈయన. యోహాను వాడిన అకర్మక క్రియకు ఇంతకంటే చక్కని ఉదాహరణ నాకు తెలియదు.

మహారాణిపేట నుంచి:
జిరూ కథ చెప్పదలిస్తే పూర్తిగా చెప్పాలి. 2022 ప్రపంచ కప్పులో పోలండ్‌పై గోల్ చేసి, థియరీ అన్రీ పేరనున్న 51 గోల్స్‌ను దాటి, ఆయనే ఫ్రాన్స్ జట్టులో అత్యధిక గోల్స్ చేసినవాడయ్యాడు. అంటే లూకాలోని ‘హెచ్చింపబడును’ కూడా నెరవేరింది.

సీతమ్మధార నుంచి:
వినయాన్ని క్రియలోనే వెతకడం ఎందుకు? పోతనగారు ‘పలికెడిది భాగవతమట, పలికించెడివాడు రామభద్రుండట’ అన్నప్పుడు వినయమంతా ఆ ‘అట’లోనే ఉంది. గోల్ చేసి ఆకాశంవైపు వేలు చూపే ఆటగాడు చెప్పేదీ ఇదే: ఆడేది నేను, ఆడించేవాడు ఆయనట. తన ఘనతను తన నోట చెప్పుకోవలసివచ్చినప్పుడు తెలుగువాడికి ‘అట’కు మించిన ఆసరా లేదు.

గాజువాక నుంచి:
నాలుగో పాదంలో అదే పోతన ‘పలికెద’ అని నిస్సంకోచంగా ఉత్తమపురుషలో అన్నాడు కదా. దేవుడికి మహిమ ఇచ్చినవాడు బంతిని వదిలిపెట్టడు.

పాతనగరం నుంచి:
ఈ చర్చ విశాఖలో జరగడం నాకెంతో సంతోషం. 1805లో లండన్ మిషన్ తరఫున ఇక్కడికి వచ్చిన క్రాన్, డిగ్రాంజీలలో రెండవవారు ఆనందరాయరు సాయంతో సువార్తలను తెలుగు చేయసాగారు. వాటిలో మూడు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అసలు ప్రశ్నకు వస్తే, అందరూ ‘కొను’ దగ్గరే ఆగిపోయారు, ‘వలసి’ని వదిలేశారు. గ్రీకు మూలంలో ఉన్నది ‘దేయ్’, అంటే జరగక తప్పనిది. అది ఆటగాడు తనకు తాను పెట్టుకొనే నియమం కాదు.
ఇంగ్లండ్ క్లబ్బు క్రిస్టల్ ప్యాలెస్‌కు అప్పటి కెప్టెన్ మార్క్ గ్వేహి 2024 నవంబరు 30న న్యూకాసిల్‌తో ఆడినప్పుడు, ఇంద్రధనుస్సు రంగుల చేతిపట్టీపై తాను యేసును ప్రేమిస్తున్నానని రాశాడు. మతసందేశాలు కూడవని ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం గుర్తుచేసింది. డిసెంబరు 3న ఇప్స్‌విచ్‌తో ఆడినప్పుడు యేసు నిన్ను ప్రేమిస్తున్నాడని రాశాడు. కర్త స్థానంలోని ‘నేను’ తొలగి, అక్కడికి ‘యేసు’ వచ్చాడు. నా దృష్టిలో ‘ఆయన హెచ్చవలసియున్నది’కి వ్యాఖ్య అదే.

మహారాణిపేట నుంచి:
కర్త మారిన మాట నిజమే, మంచి గమనిక. కాని ఆ పట్టీ స్వలింగ సంపర్కులకు ఆటలో చోటు ఉందని చెప్పే ప్రచారానిది. ఇతరుల కోసం కట్టుకున్న పట్టీపై తన మాట రాయడం తగ్గడమేనా? విశ్వాసాన్ని దాచనక్కరలేదన్న మీ అభిప్రాయాన్ని గౌరవిస్తూనే, అక్కడ ‘తగ్గు’ ధాతువు నాకు కనబడడం లేదంటాను. ‘దేయ్’ను ‘వలసి’ పూర్తిగా మోయగలదనీ ఒప్పుకోను. ‘తీరవలె’ అని ఉంటే సరిపోయేది.

పాతనగరం నుంచి:
‘తీరవలె’లో బలవంతం వినిపిస్తుంది, యోహాను సంతోషంగా అన్న మాట అది. పై వచనంలోనే ‘ఈ నా సంతోషము పరిపూర్ణమైయున్నది’ అని ఉంది, చూడండి.