కరువు తీసుకెళ్లిందా, మనిషి వెళ్లాడా?

కోస్గి టీచర్:
ముంబై పనులకు పోయొచ్చిన ఒకాయన దగ్గర ఎవరో కూర్చుని ఆయన వివరాల ఫారం నింపుతుంటే చూశాను. "వలసకు కారణం" అన్న గడిలో, ఆయన నోరు తెరవకముందే "కరువు" అని రాసేశారు. తర్వాత నేను అడిగితే ఆయన చెప్పింది వేరు: "పెద్దబిడ్డ పెండ్లికి చేసిన అప్పు తీర్చాలె. ఇక్కడి కూలి మిత్తికి కూడా సరిపోదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తనన్నడు, పోయిన."

ఆయన చేసిన పనికి వివరణ ఈ రెండోదే అని నా వాదన. మొదటిది ఆయన చుట్టూ ఉన్న పరిస్థితి. కావాలని చేసిన పనిని గుర్తుపట్టే దారి ఒకటి ఎలిజబెత్ ఆన్స్‌కమ్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1957లో చూపింది. "ఎందుకు చేస్తున్నావు?" అని చేసేవాడినే అడగగలగాలి. "అసలు నేను చేస్తున్నట్టే తెలియదు" అని అతనంటే ఆ ప్రశ్న చెల్లదు. తుమ్ము ఎందుకొచ్చిందంటే దుమ్ము వల్ల అంటాం. బస్సెందుకు ఎక్కావంటే మాత్రం ఏం సాధించాలనుకున్నామో చెబుతాం. పైగా తానేం చేస్తున్నాడో తెలుసుకోవడానికి మనిషి తనను తాను పక్కనుంచి గమనించుకోనక్కర్లేదు. పాలమూరు లేబర్ (మహబూబ్‌నగర్ వైపు నుంచి వలసపోయే కూలీలు) అనగానే ఈ జవాబు చెప్పే అధికారాన్ని ఆ మనుషుల దగ్గర నుంచి లాగేసుకుంటున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

మిర్యాలగూడ నుంచి:
టీచర్ గారూ, మీ బాధ అర్థమైంది, వాదన మాత్రం ఒప్పుకోను. అదే మనిషికి అన్నదమ్ములతో భూమి పంచాయితీ కూడా ఉందనుకోండి. అప్పు తీర్చాలనీ ఉంది, కొన్నాళ్లు ఊళ్లో లేకుండా పోవాలనీ ఉంది. బస్సెక్కడానికి రెండూ సరిపోతాయి. మరి ఆయన్ను కదిలించింది ఏది? 1963లో అమెరికా తత్వవేత్త డొనాల్డ్ డేవిడ్సన్ పట్టుకున్న చిక్కు ఇదే. ఒక కోరిక, ఈ పనితో అది తీరుతుందన్న నమ్మకం ఉంటే చాలదు. ఆ రెండే పనికి కారణమై ఉండాలి. లేకపోతే తర్వాత చెప్పుకునే సాకుకూ, నిజంగా నడిపించినదానికీ తేడా తెలియదు. ఒకసారి కార్యకారణ సంబంధాన్ని లోపలికి రానిచ్చాక కరువును గుమ్మం బయట ఎలా ఆపుతారు? వాన లేక పంట పోయింది, పంట పోయి చేతిలో పైసా లేదు, అందుకే అప్పయింది, అప్పు వల్లే పోవాలనిపించింది.

కోస్గి టీచర్:
సార్, ఆ మెట్టు దగ్గర డేవిడ్సనే ఆగిపోయాడు. కొండ ఎక్కుతున్న ఇద్దరి గురించి ఆయనే రాశాడు. పైవాడి చేతిలో తాడు ఉంది, దానికి రెండోవాడు వేలాడుతున్నాడు. తాడు వదిలితే బరువూ ప్రమాదమూ తప్పుతాయని పైవాడికి అనిపిస్తుంది. ఆ ఆలోచనకే భయపడి చేతులు వణికి పట్టు జారిపోతుంది. కోరిక ఉంది, నమ్మకం ఉంది, జరిగినదానికి అవే కారణం. అయినా కావాలని వదిలాడని ఎవరూ అనరు. కారణం "సరైన దారిలో" పనిచేయాలన్నాడు గానీ, ఆ దారి ఏమిటో విడమరిచి చెప్పగలనన్న ఆశ తనకు లేదని ఒప్పుకున్నాడు. మీరు చెప్పిన వరస మొత్తం నిజమే కావచ్చు, ఆయన చేసిన పని మాత్రం అందులో కనబడదు. అదే కరువులో, అంతే అప్పుతో పక్కింటాయన మేకలమ్ముకుని ఊళ్లోనే ఉన్నాడు.

మర్రిగూడ వైపు నుంచి:
మా దగ్గరి సంగతి కూడా చూడండి. ఆన్స్‌కమ్ పుస్తకంలో ఒకడు పంపు కొడుతుంటాడు. నీళ్లు ఒక ఇంటి తొట్టిలోకి పోతుంటాయి. ఆ నీళ్లలో ఎవరో విషం కలిపారు. చేయి ఆడిస్తున్నాడు, పంపు కొడుతున్నాడు, తొట్టి నింపుతున్నాడు, ఇంట్లోవాళ్లకు విషం పెడుతున్నాడు. అన్నీ ఒకే పని. ఏ వర్ణన కింద కావాలని చేశాడన్నదే ప్రశ్న. మునుగోడు, మర్రిగూడ జనానికి ఇది పుస్తకంలో ఉదాహరణ కాదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. తన నీళ్లలో అంతకు మించి ఉందని తెలియక బోరు వేసిన రైతు ఇంటికి నీళ్లు తెచ్చాడు, ఎముకలు వంచే ఫ్లోరైడ్ కూడా తెచ్చాడు. కావాలని చేసింది మొదటిది మాత్రమే. మరి నీళ్లు బాగాలేవని తెలిశాక కూడా, వేరే దిక్కులేక అవే తాగించిన తల్లి? తెలిసి చేసింది, కావాలని కాదు. ఈ తేడా నిలబడకపోతే మా ఊళ్లలో తల్లులందరినీ దోషులను చేసినట్టే.

ఇంకోటి. అమెరికా తత్వవేత్త జాషువా నోబ్ 2003లో జనాన్ని ఒక కంపెనీ ఛైర్మన్ కథతో అడిగాడు. "పర్యావరణం నాకు పట్టదు, లాభమే కావాలి" అని ఆయన ఒక పథకానికి ఓకే అంటాడు. దానివల్ల పర్యావరణం పాడైందని చెబితే 82 శాతం మంది కావాలనే పాడుచేశాడన్నారు. బాగుపడిందని చెబితే కావాలనే బాగుచేశాడన్నది 23 శాతమే. ఆ ఛైర్మన్ మాటా మనసూ రెండు కథల్లోనూ ఒకటే. అంటే ఎదుటివాడి ఉద్దేశం గురించి మనం తీర్పు చెప్పేటప్పుడు మన కోపమూ అందులో కలుస్తోంది. అందుకే పక్కవాళ్లు రాసేదాని కంటే ముందు ఆ మనిషినే అడగాలంటాను.

వనపర్తి నుంచి:
మన న్యాయ దర్శనం (పాత భారతీయ తర్క సంప్రదాయం) వాళ్లు ఎప్పుడో చెప్పారు: తెలుసుకుంటాడు, కోరుకుంటాడు, ప్రయత్నిస్తాడు, ఆ తర్వాతే శరీరం కదులుతుంది. కారణాల వరసే గానీ, మధ్యలో ప్రయత్నం ఉంది. మిర్యాలగూడ అన్న దాన్ని దాటేశాడు.

మిర్యాలగూడ నుంచి:
దాటలేదు తమ్మీ, ప్రయత్నం కూడా కారణమే కదా. టీచర్ గారిని ఒకటే అడుగుతాను. అడ్వాన్సు తీరేదాకా సైటు వదిలి రాలేని మనిషి, "ఎందుకు ఉన్నావు?" అంటే "పోనియ్యరు" అంటాడు. అది ఏం సాధించాలనుకున్నాడో చెప్పే జవాబు కాదు. మరి అక్కడ ఉండడం ఆయన పనేనా?

కోస్గి టీచర్:
తలుపుకు తాళం వేస్తే ఉండడం ఆయన పని కాదు, ఆయనకు జరిగింది. "పోతే ఇంటి మీదికొస్తరు, అందుకే ఉన్న" అంటే మాత్రం అది ఆయన చేసిన లెక్కే. ఆ లెక్క అంత ఇరుకైనందుకు తప్పు బెదిరించినవాడిది. ఈ రెండింటిలో ఏది జరిగిందో పైనుంచి చూసి చెప్పలేం. ఎటు పోవాలనుకున్నాడో, ఎవరు ఆపారో ఆయనే చెప్పాలి. ఆయనకంటూ ఒక ఉద్దేశం ఉందని ఒప్పుకోకుండా బలవంతం జరిగిందని కేసు కూడా పెట్టలేం సార్.