‘రక్తంలో బూజు’ అనవచ్చా?

అనువాదకురాలు: ఐసీయూ రోగుల కుటుంబాలకు ఇచ్చే ఒక కరపత్రాన్ని తెలుగులో రాస్తున్నాను. విషయం క్యాండిడీమియా, అంటే క్యాండిడా అనే ఫంగస్ రక్తంలోకి చేరడం. పాఠ్యపుస్తకాల్లోని ‘శిలీంధ్ర సంక్రమణ’ ఎవరికీ అర్థం కాదనిపించి ‘రక్తంలో బూజు’ అని రాశాను. అందరికీ తెలిసిన తెలుగు మాట. సభ్యులు ఏమంటారు?

తెలుగు ఉపాధ్యాయుడు: నాకు నచ్చిందండీ. శిలీంధ్రమంటే సంస్కృతంలో పుట్టగొడుగు. మేఘదూతంలో ఉరుము విని నేల మొలిపించేవి శిలీంధ్రాలే. జీవశాస్త్ర పుస్తకాలు ఆ మాటను ఫంగస్‌లన్నిటికీ పెట్టాయి. తరగతి గదిలో బాగానే ఉంది గానీ, ఐసీయూ తలుపు దగ్గర నిలబడ్డవాళ్లకు అది ఏ సాయమూ చేయదు.

మైక్రోబయాలజీ వైద్యురాలు: దయచేసి బూజు వద్దండీ. బూజంటే నిల్వ పచ్చడి మీద, తడి గోడ మీద నూగులా అల్లుకునేది. క్యాండిడా అలాంటిది కాదు, అది ఈస్టు. కల్లును పులియజేసే ఈస్టుకు దూరపు చుట్టం. రోగి రక్తాన్ని కల్చర్ సీసాలో, అంటే క్రిములు పెరగడానికి వీలైన ద్రవం ఉన్న సీసాలో పోసి యంత్రంలో పెడతాం. ఏదైనా పెరిగితే యంత్రం సూచిస్తుంది. అందులోంచి ఒక చుక్క తీసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే గుండ్రటి కణాలు మొగ్గలు తొడుగుతూ కనిపిస్తాయి. అవి కనిపించగానే, రిపోర్టు తయారయ్యే దాకా ఆగకుండా వార్డుకు ఫోను చేస్తాం. మందు ఆలస్యమైన కొద్దీ ప్రాణాపాయం పెరుగుతుంది మరి. పైగా ఈ జబ్బు లోతుగా పాకినవారిలో దాదాపు సగం మందికి కల్చర్‌లో అది దొరకనే దొరకదు.

శాస్త్రం సంగతి పక్కన పెట్టినా, బూజు అనే మాటలో నింద ఉంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. బూజు పట్టిందంటే ఎవరో పట్టించుకోలేదని అర్థం. ఇల్లు దులపలేదు, జాడీకి మూత సరిగా పెట్టలేదు. భార్య రక్తంలో బూజు ఉందని విన్న భర్త, తాను ఏమి తినిపించానా అని వెతుక్కుంటాడు. నిజానికి చాలాసార్లు ఆ క్యాండిడా బయటి నుంచి రాదు. ఆరోగ్యవంతుల పేగుల్లో, నోట్లో, చర్మం మీద కూడా అది ఉంటుంది. బలమైన యాంటీబయాటిక్‌లు చాలా రోజులు వాడితే, దాన్ని అదుపులో ఉంచే బాక్టీరియా చచ్చిపోతాయి. కడుపు ఆపరేషన్ వల్ల పేగు గోడ దెబ్బతినవచ్చు. మెడ దగ్గర పెద్ద సిరలోకి పెట్టిన లైను, అంటే సన్నటి గొట్టం, చర్మం మీది క్రిములకు నెత్తుటిలోకి దారి అవుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందులకు, కీమో తీసుకుంటున్నవారికి, సిర ద్వారానే పోషణ అందుతున్నవారికి ముప్పు ఇంకా ఎక్కువ. ఇందులో కుటుంబం చేసిన తప్పు ఎక్కడుంది?

అలాగని ఆసుపత్రికి బాధ్యతే లేదనడం అబద్ధం. చేతుల మీదుగా ఒకరి నుంచి ఒకరికి పాకే రకాలూ ఉన్నాయి. క్యాండిడా ఆరిస్‌ను 2009లో జపాన్‌లో, ఒక రోగి చెవి నుంచి తీసిన నమూనాలో గుర్తించి వర్ణించారు. లాటిన్‌లో ఆరిస్ అంటే చెవి. పేరు చూసి చెవి జబ్బు అనుకోకూడదు. మంచం కమ్మీల మీద, పరికరాల మీద వారాల తరబడి బతికి మరో రోగికి చేరగలదు. ఫంగస్‌కు వాడే ఫ్లూకోనజోల్ మందుకు సాధారణంగా లొంగదు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ విడుదల చేసిన ఫంగస్‌ల జాబితాలో, అన్నిటికన్నా పైన ఉంచిన నాలుగింటిలో ఇదొకటి. మామూలు క్యాండిడా ఆల్బికాన్స్ కూడా ఆ నాలుగింటిలోనే ఉంది.

ఐసీయూ నర్సు: మా వార్డులో శిలీంధ్రమూ వినపడదు, బూజూ వినపడదు. ‘రక్తంలో ఫంగస్ వచ్చింది’ అంటాం. ఇంటివాళ్లూ అలాగే అంటారు. కానీ 2021 తర్వాత ఫంగస్ అనగానే ‘కన్ను తీసేస్తారా?’ అని అడుగుతున్నారు. అప్పట్లో కోవిడ్ వచ్చినవారిలో బ్లాక్ ఫంగస్ సోకి కొందరికి కన్ను తీసేయాల్సి వచ్చింది కదా. బ్లాక్, వైట్, ఎల్లో అని రోజుకో రంగు వార్తల్లోకి వచ్చింది. రంగులతో పిలవవద్దని ఎయిమ్స్ డైరెక్టర్‌గా ఉన్న రణ్‌దీప్ గులేరియా చెప్పినా ఆ పేర్లు పోలేదు. కాబట్టి ఫంగస్ అనే రాయండి, ఆ పక్కనే ఇది బ్లాక్ ఫంగస్ కాదని కూడా రాయండి.

తెలుగు ఉపాధ్యాయుడు: నింద గురించి డాక్టరు గారు చెప్పినది సబబే. అయినా ఫంగస్ అని రాసినంత మాత్రాన అర్థమైపోతుందని నేను అనుకోను. అది జనం విన్న మాటే గానీ తెలిసిన మాట కాదు. పసిపిల్లల నోట్లో వచ్చే తెల్లపూత ప్రతి ఇంట్లోనూ తెలుసు. దానికీ క్యాండిడాయే కారణం కదా, అక్కడి నుంచి మొదలుపెట్టకూడదా?

మైక్రోబయాలజీ వైద్యురాలు: మంచి ఆధారమే మాస్టారూ. క్యాండిడా అన్న పేరు లాటిన్‌లో తెలుపు నుంచి వచ్చింది, ఆల్బికాన్స్‌లో ఉన్నదీ తెలుపే. కానీ కరపత్రం చదివిన తల్లి, బిడ్డ నోట్లో పూత చూసి అది రేపు రక్తంలోకి పోతుందని హడలిపోకూడదు. ఆ భయాన్ని తీర్చే వాక్యం కూడా ఇమిడితేనే పెట్టండి, లేకపోతే వదిలేయండి.

అనువాదకురాలు: బూజు తీసేశాను. ఇప్పుడు ఇలా ఉంది: ‘మన శరీరంలో మామూలుగా ఉండే క్యాండిడా అనే ఫంగస్ మీ మనిషి రక్తంలోకి చేరింది. ఇది బ్లాక్ ఫంగస్ కాదు. మీరు పెట్టిన తిండి వల్ల రాలేదు. మెడలో ఉన్న లైను తీసేయవలసి రావచ్చు. రక్తంలో ఫంగస్ లేదని పరీక్షలో తేలిన తర్వాత కూడా కనీసం రెండు వారాలు మందు ఇస్తారు.’ తెల్లపూతకు చోటు చాలలేదు. ‘మీ మనిషి’ అనడం బాగుందా, ‘మీవారు’ అంటే మరింత మర్యాదగా ఉంటుందా?

ఐసీయూ నర్సు: ‘మీవారు’ అంటే భర్త అనుకుంటారండీ. ‘మీ మనిషి’ చాలు. కంటి డాక్టరు వస్తారని కూడా ఒక వాక్యం చేర్చండి. క్యాండిడా నెత్తుటి ద్వారా కంటి లోపలి పొరకు చేరవచ్చు, అందుకే చూపు చెడకముందే పరీక్ష చేయిస్తారు. ఆ సంగతి ముందుగా చెప్పకపోతే, ఆ డాక్టరు కన్ను తీయడానికే వచ్చారనుకుంటారు.